ఏడో చెదపురుగు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే కోయడం అని చెప్పేదాన్ని. విశాఖపట్నంలో ఆ మాట అంటే వినేవాళ్లు చేపలనుకుంటారు. నేను కోసింది చేపల్ని కాదు, కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో స్లైడుల కోసం పురుగుల్నీ, కాలేయాల్నీ, అండాశయాల్నీ. ముప్పై ఒక్క ఏళ్లు అదే పని. వస్తువుని కరిగించిన మైనంలో పోసి, దిమ్మ గట్టిపడ్డాక కోత యంత్రానికి బిగించి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, గాజు మీద పరిచి, రంగువేసి ఇవ్వాలి. మైక్రోస్కోపులో చూసి ఇది ఫలానా అని చెప్పేవాళ్లు వేరే ఉంటారు. నేను చూడకూడదని ఎవరూ అనలేదు. చూశావా అని అడిగినవాళ్లూ లేరు.

ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు కొందరు ఇప్పటికీ ఇంటికి వస్తుంటారు. రంగులు ఎలా నిలబడాలి, కోత ఎందుకు చిట్లుతుంది లాంటివి అడుగుతారు. చెబుతాను. వాళ్లు అడగనిది ఒకటుంది. అడగరు కాబట్టే రాస్తున్నాను.

ముందు నా భయం గురించి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఇద్దరు విద్యార్థుల దిమ్మలు నా చేతిలో తారుమారయ్యాయి. అప్పటి హెడ్డుగారు అందరి ముందూ పిలిచి, "నీకు చేతులు మాత్రమే ఇచ్చాడమ్మా దేవుడు" అన్నారు. ఆయన రిటైరయ్యి వెళ్లిపోయారు కానీ ఆ మాట ల్యాబులోనే ఉండిపోయింది. అప్పటినుంచి స్లైడులో ఏదైనా వింతగా కనిపిస్తే నా మనసుకి ముందుగా తోచేది ఒక్కటే: నేనే ఏదో తప్పు చేసి ఉంటాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా విభాగంలో ఒక అమ్మాయి పరిశోధనకి చేరింది. ఉక్కునగరంలో పెరిగింది. వాళ్ల నాన్న స్టీల్ ప్లాంటులో షిఫ్టుల్లో పనిచేసేవారు. క్వార్టర్స్ తలుపు చట్రాన్ని చెదలు తినేస్తుంటే చిన్నప్పుడు దాని ముందు గంటలు గంటలు కూర్చునేదట. వాళ్లమ్మ కిరసనాయిలు పోస్తుంటే ఈ పిల్ల ఏడ్చేదట. అలాంటి పిల్ల చెదల మీద కాక దేనిమీద పరిశోధన చేస్తుంది?

నన్ను అక్కా అని పిలిచేది. ఒకరోజు టిఫిన్ డబ్బా తెరుస్తూ అడిగింది. "అక్కా, పనిచేసే చెదలో ఆడది ఉంటుంది కదా, దానికీ అండాశయం ఉంటుంది తెలుసా?"

"ఉండి ఏం లాభం? గుడ్లు పెట్టేది రాణే కదా."

"అదే నా థీసిస్. రాణిలో అండకణం పెరుగుతుంది, సొన పోసుకుంటుంది, పెంకు కట్టుకుంటుంది. పనిచేసేదాంట్లో కూడా అదే అండకణం మొదలవుతుంది. కానీ చిన్న పూసలా ఉండగానే ఆగిపోతుంది. ఇద్దరూ ఒకే తల్లి పిల్లలు. ఎక్కడ ఆగిందో నువ్వు కోసిస్తే నేను చూస్తాను."

ఆమెకి కావలసింది మట్టిపుట్టల్లోవి కాదు, ఎండుకర్రలోనే కాపురముండే రకం. వాటి గూడు చిన్నది, రాణి కూడా బియ్యపుగింజ కన్నా కొంచెం పొడుగు, అంతే. వాటిని వెతుక్కుంటూ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లింది. అక్కడ ఒక మరబోటులో, వల లాగే వించి కింద ఉన్న దూలం దగ్గర, గసగసాల్లాంటి పొడి కుప్పగా రాలి ఉంది. అది ఆ పురుగుల రెట్ట. బోటు యజమాని యాభై దాటిన మనిషి, తాతల కాలం నుంచీ చేపల వేటే. ఆయన బావమరిది బోట్లు బాగుచేసే వడ్రంగి. ఇద్దరూ కలిసి దూలంలో పుచ్చిన ముక్కని కోసి ఇస్తే ఈ అమ్మాయి అందులోంచి రాణినీ రాజునీ సజీవంగా పట్టుకుంది. ఆ రోజు ల్యాబులోకి వచ్చినప్పుడు ఆమె ముఖం చూడాల్సింది. పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చినవాళ్లకి కూడా అంత వెలుగు ఉండదు.

బోటు యజమాని ఆమెని ఒక ప్రశ్న అడిగాడు. రాణి పోయింది కదా, మిగిలిన దూలం మార్చాలా అక్కర్లేదా? మార్చాలంటే వించి విప్పాలి, ఇంజను గది సగం ఊడదీయాలి. మా ప్రొఫెసర్ సలహా అడిగి ఈ అమ్మాయి జవాబు చెప్పింది. వేసవిలో వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఎలాగూ బోటు ఖాళీగా ఉంటుంది. అప్పుడు మిగిలిన కర్రలోంచి కొన్ని పురుగుల్ని తీసి చూస్తాం. వేటిలోనూ గుడ్లు తయారు కావడం లేదంటే ఆ గూడు తనంతట తనే చచ్చిపోతుంది, దూలం జోలికి వెళ్లక్కర్లేదు.

అలా ఆ దూలం నా కోత మీద ఆధారపడింది. అప్పుడు నాకా సంగతి అంతగా తట్టలేదు.

ఏప్రిల్ చివర్లో ఆమె ఏడు పురుగుల్ని తెచ్చింది. చూపుకి అన్నీ ఒకటే, పాలిపోయి, మెత్తగా. పాత రాణి పొట్టలో ముందు సగాన్ని అప్పట్లోనే కోసిచ్చాను; మిగిలిన సగాన్ని కూడా ఆ రోజే మైనంలో పోశాను. ఏప్రిల్‌లో మా ల్యాబులో మైనం పని అంటే ఏమిటో చెప్పనా? సముద్రపు ఉక్క. దిమ్మ మెత్తబడి కోతకి నిలవదు. కోసిన పొర రిబ్బనులా సాగి ఎగిరిపోతుందని ఫ్యాను వేయకూడదు. హార్బర్ ఐసు ఫ్యాక్టరీ నుంచి గోనెసంచిలో ఐసు తెచ్చుకుని దిమ్మల్ని దాని మీద పెట్టి చల్లబరిచేదాన్ని. ల్యాబంతా చేపల వాసన. చెమట కంట్లోకి కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ ఎనిమిది దిమ్మలు పోశాను.

నాలుగో రోజుకి స్లైడులు తయారయ్యాయి. రంగు సరిగా పట్టిందో లేదో చూద్దామని మైక్రోస్కోపు కింద పెట్టాను. మొదటి ఆరింటిలో అండనాళికలు సన్నటి దారాల్లా ఉన్నాయి, వాటిలో చిన్న చిన్న పూసలు. ఆమె చెప్పినట్టే. ఏడోది పెట్టాను. నిండు గులాబి రంగు. సొన పోసుకున్న అండకణాలు, ఒకదాని వెనక ఒకటి, పెద్దవవుతూ.

ఇది రాణి, మళ్లీ తారుమారు చేశాను అనుకున్నాను.

రాణి సగం ఉన్న దిమ్మ కోసం ట్రేలో వెతికాను. లేదు. ఇంకేం, రుజువు దొరికింది. ఏడో పురుగు అని నేను రాసిందే రాణి సగం, అసలు ఏడో పురుగు ఎక్కడో మైనంలో కలిసిపోయింది. ఆ అమ్మాయిని పిలిచి ఇలా జరిగింది చూడు అని చెప్పి ఉంటే ఈ కథే లేదు. నేను ఆ పని చేయలేదు. స్లైడు మీద చీటీ పీకేసి, రాణి అని కొత్త చీటీ అంటించాను. ఆమె వచ్చాక, "ఆరే వచ్చాయమ్మా, ఒకటి పాడైపోయింది" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. అది నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

"పర్లేదక్కా, ఆరు చాలు" అంది.

ఆరూ చూసింది. వేటిలోనూ గుడ్డు లేదు. ఆ సాయంత్రమే హార్బర్‌కి వెళ్లి దూలం మార్చక్కర్లేదని చెప్పి వచ్చింది.

తర్వాత మూడు వారాలూ నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఏం తప్పు జరిగిందో తెలిసి కాదు, తెలియకే. ఎవరైనా స్లైడుల పెట్టె తెరిస్తే అటే చూసేదాన్ని. చేసిన పనే మళ్లీ చేసేదాన్ని, కడిగిన గాజులే కడిగేదాన్ని. ఇంట్లో మా ఆయన "ఏంటి, ల్యాబులో ఎవరైనా ఏమైనా అన్నారా?" అని రెండుసార్లు అడిగారు. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఇబ్బంది అని చెప్పలేకపోయాను.

ఇంతలో ఆ అమ్మాయి నేను పేరు మార్చిన స్లైడు దగ్గర ఆగిపోయింది. "అక్కా, రాణి ముందు సగంలో అండనాళికలు కిక్కిరిసి ఉన్నాయి కదా. ఈ సగంలో ఇంత తక్కువేంటి? పై చర్మం కూడా పాలిపోయి ఉంది."

నేను కడుగుతున్న గాజు మీంచి తల ఎత్తలేదు.

ఆమె ప్రొఫెసర్‌గారిని అడిగింది. ఆయన మంచి మనిషే, కానీ వివరణ దొరకనిది ఏదీ ఉండదని గట్టి నమ్మకం. రాణి ముసలిదైంది, అండాశయం వెనక భాగం నుంచి క్షీణిస్తోంది, గూడు ఎలాగూ అంతమయ్యే దశలో ఉంది అన్నారు. దాని మీద ఒక పేజీ రాసి టైపుకి కూడా ఇచ్చారు. నా అబద్ధానికి రెక్కలు రావడం నా కళ్లముందే చూశాను. ఒక చీటీ అతికిస్తే ఒక సిద్ధాంతం పుట్టింది.

నిషేధం ముగియడానికి రెండు రోజులుందనగా పొద్దున్నే ల్యాబుకి వెళ్లి ఫ్రిజ్ శుభ్రం చేయడం మొదలుపెట్టాను. ఎవరూ చెప్పలేదు, చేతులు ఊరుకోక. ఐసు అరలో మంచు గడ్డకట్టి ఉంది. చాకుతో గీకుతుంటే మంచులో ఒక చిన్న దిమ్మ బయటపడింది. ఎండలో మెత్తబడుతుందని ఆ రోజు దాన్ని మాత్రం ప్రత్యేకంగా ఫ్రిజ్‌లో పెట్టానని అప్పుడు గుర్తొచ్చింది. లోపలి కాగితం ముక్క మీద పెన్సిలుతో నా అక్షరాలు: రాణి, మిగిలిన సగం. మీద చాకు గాటు కూడా పడలేదు, మైనంలోంచి రాణి తెగిన సగం పొట్ట ముదురు రంగులో కనిపిస్తోంది.

దాన్ని చేతిలో పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. రాణి ఇక్కడుంటే, ఆ గులాబి రంగు అండాలు ఎవరివి? ఏడో పురుగువి. నేను తారుమారు చేయలేదు. నా చేతులు సరిగానే పనిచేశాయి, కళ్లు కూడా సరిగానే చూశాయి. నేనే వాటిని నమ్మలేదు. రాణిని తీసేశాక ఆ కర్రలో, అప్పటిదాకా పని మాత్రమే చేస్తూ ఉన్న వాటిలో ఒకటి, ఆగిపోయిన తన అండాల్ని మళ్లీ పెంచుకోవడం మొదలుపెట్టింది. గూడు చావడం లేదు.

ఆ అమ్మాయి పదింటికి వచ్చింది. దిమ్మ ఆమె ముందు పెట్టి జరిగింది చెప్పాను. తారుమారైందనుకున్నానని చెప్పాను. పాడైపోయింది అన్నది అబద్ధమని కూడా చెప్పాను.

ఆమె స్లైడు తీసుకుని మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లి చాలాసేపు చూసింది. "ఎల్లుండి బోటు వేటకి వెళ్తుంది" అంది. బ్యాగు తీసుకుని బయటికి నడిచింది. నన్ను రమ్మనలేదు. నేను వెనకే వెళ్లాను. బస్సులో ఆమె ముందు సీటులో కూర్చుంది, నేను వెనక సీటులో. హార్బర్ దాకా ఆమె జడనే చూస్తూ కూర్చున్నాను.

హార్బర్ అంతా పండగలా ఉంది. కొత్త రంగులు వేసిన బోట్లు, ఎండలో పరిచిన వలలు, డీజిల్ డబ్బాలు దొర్లిస్తున్న మనుషులు. మన బోటు నీళ్లలోకి దింపేశారు. యజమాని వించికి గ్రీజు పూస్తున్నాడు. మమ్మల్ని చూసి నవ్వాడు.

"ఏటమ్మా, మళ్లీ పురుగులు కావాలేటి? ఎల్లుండి తెల్లారకముందే ఎల్పోతన్నాం. తిరిగొచ్చేక రండి, మంచి సేపలిత్తాను."

నేను ముందుకొచ్చాను. "బాబూ, ఆ దూలంలో పురుగు చావలేదు. మేం చెప్పింది తప్పు. తప్పు ఈ అమ్మాయిది కాదు, నాది. గుడ్లున్న పురుగు నాకు కనబడింది, నేను దాన్ని వేరేదనుకుని దాచేశాను."

"దాసేసినారా?" అన్నాడు. కోపంగా కాదు, అర్థం కానట్టు. "ఎందుకమ్మా?"

నన్నేదో అంటారని భయపడ్డాను అంటే, బోటు మీద నిలబడి సముద్రంలోకి వెళ్లే మనిషి ముందు ఆ మాట ఎలా ఉంటుంది?

బావమరిది పక్క బోటులోంచి దిగి వచ్చాడు. విషయం విని సుత్తితో దూలం మీద పొడుగునా కొట్టుకుంటూ వెళ్లాడు. ఖణ్ ఖణ్ మంటూ గట్టి చప్పుడే.

"గట్టిగానే ఉన్నాది బావా" అన్నాడు. "ఒగ్గేద్దాం. వచ్చేక సూద్దాం."

యజమాని నా వైపు చూశాడు. సిగ్గుతో చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు ప్రాణం లేచొచ్చినట్టనిపించింది. గట్టిగానే ఉంది, ఇక వెళ్లిపోవచ్చు అనిపించింది. అప్పుడు ఆ అమ్మాయి బోటు అంచు పట్టుకుని వంగి, "కింది నుంచి చూడండి, అవి పైపొర ముట్టుకోవు" అంది.

వడ్రంగి గొణుక్కుంటూ దూలం కిందికి పడుకుని దూరాడు. ఉలి పెట్టి ఒక దెబ్బ కొట్టాడు. శబ్దం మారింది. రెండో దెబ్బకి ఉలి పిడిదాకా దిగబడిపోయింది.

"బావా," అన్నాడు కిందినుంచి. "ఇది దూలం కాదు, అట్టపెట్టి."

వాళ్లు చెక్క ఊడదీస్తుంటే గసగసాల పొడి ధారలా కారింది. లోపల గదులు గదులుగా తినేసి ఉంది. పాలిపోయిన పురుగులు వెలుతురుకి కంగారుపడి పరిగెత్తాయి. వాటి మధ్య, ఏడోదానిలాగే మారిన ఇంకొకటి మాత్రం మెల్లగా కదులుతోంది, పొట్ట కొంచెం లావుగా, లేత పసుపు రంగులో. పక్కనే తెల్లటి గుడ్లు ఒక గోటి మీద పట్టేటన్ని. ఆ అమ్మాయి దాన్ని డబ్బాలోకి తీసుకుంది.

యజమాని బోటు అంచు మీద కూర్చున్నాడు.

"వల నిండొస్తే ఆ వించి మీద ఎంత బరువుంటాదో తెల్సా మీకు? అక్కడ నిలబడేది మా తమ్ముడు" అన్నాడు. తర్వాత, "ఇంకో వారం పోయేక సెప్పుంటే?" అని ఆగిపోయాడు.

లేచి లుంగీ బిగించుకున్నాడు. "లెగు బావా. వించి ఇప్పేద్దాం."

వేట మొదలైన తొలిరోజులే చేపలు బాగా పడే రోజులు. మిగతా బోట్లన్నీ వెళ్లాయి, ఆ బోటు జెట్టీలో ఉండిపోయింది. కొత్త దూలం పడి, అది కదిలేసరికి పన్నెండు రోజులైంది. అన్ని రోజులూ మధ్యాహ్నం భోజనం వేళ నేను హార్బర్‌కి వెళ్లి దూరంగా నిలబడి చూసి వచ్చేదాన్ని. వెళ్లి ఏం చేయాలో తెలియదు, వెళ్లకుండా ఉండలేను. ఆఖరి రోజుల్లో ఒకసారి ఆయన నన్ను చూసి, "ఎండలో ఎందుకమ్మా రోజూ, నాను మిమ్మల్నేటి అనలేదు కదా" అన్నాడు. అనలేదు. అని ఉంటే ఒకరోజుతో పోయేది.

కాలేజీలో పని వేరేగా జరిగింది. ప్రొఫెసర్‌గారు నన్ను గదికి పిలిచారు. టైపు చేయించిన పేజీని ఆయన అప్పటికే చింపేశారు. నిజం చెప్పాలంటే ఆయన తన సిద్ధాంతం పోయినందుకు పెద్దగా బాధపడలేదు, దానికంటే మంచిది దొరికింది కదా. నా ముందు కాగితం పెట్టారు.

"రికార్డు కోసం రెండు ముక్కలు రాయమ్మా. చీటీ అంటించడంలో పొరపాటు జరిగింది అని రాస్తే చాలు. అక్కడితో అయిపోతుంది."

ఆ అమ్మాయి గోడ పక్కన నిలబడి ఉంది. హార్బర్ రోజు నుంచి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె థీసిస్ సగం మళ్లీ చేయాలి. ఇంకో ఆరు నెలలు.

పెన్ను తీసుకున్నాను. పొరపాటు అనే మాట రాయడానికి చాలా తేలిక. నన్ను చేతులు మాత్రమే ఉన్నదాన్ననుకునేవాళ్లకి అది సరిపోతుంది కూడా. కానీ చీటీ పొరపాటుగా మారలేదు. ఇరవై ఏళ్ల కిందటి పొరపాటు భయంతో ఈసారి తెలిసి మార్చాను. 'చీటీ నేను మార్చాను. ఒక పురుగు పాడైందని అబద్ధం చెప్పాను' అని రాసి సంతకం పెట్టాను.

ప్రొఫెసర్‌గారు చదివి కళ్లజోడు తీశారు. "ఇలా రాస్తే మెమో వస్తుందమ్మా."

"రానివ్వండి సార్."

వచ్చింది. ఒక ఇంక్రిమెంటు ఆగింది. తోటి టెక్నీషియన్లు, నిన్నెవరు అలా రాయమన్నారు అని నెల రోజులు నన్ను తిట్టారు. మీలో కొందరు కూడా అదే అంటారు. పెద్ద ధైర్యవంతురాలిలా కనిపించాలని చెప్పడం లేదు. హార్బర్‌లో నిలబడి, దూలం గట్టిగా ఉంటే బాగుండని కోరుకున్నదాన్ని నేనే.

జూన్ నెలాఖరులో వర్షం పడుతున్న ఒక పొద్దున్న ల్యాబు తాళం తీసేసరికి నా బల్ల మీద సీసాల వరస ఉంది. కొత్త దూలానికి ముందు ఊడదీసిన చెక్కలోంచి తీసిన పురుగులు. పేర్లు లేవు. రాణి, పనిచేసేది, రెక్కల మొలకలున్నది, అలాంటివేమీ రాయలేదు. ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు, అంతే. ఏది ఏదో ఆ అమ్మాయి నోటుబుక్కులో మాత్రమే ఉంటుంది.

మొదట నాకు చురుక్కుమంది. నన్ను నమ్మడం లేదు కాబట్టి ఇలా ఇచ్చింది అనుకున్నాను. నమ్మకపోవడానికి ఆమెకి హక్కుంది కూడా. కూర్చుని మైనం కరగబెట్టాను.

స్లైడులు తయారైన రోజున ఆమె వచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చోలేదు. ఇంకో స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. నోటుబుక్కు మూసి ఒళ్లో పెట్టుకుని, ఒక తెల్లకాగితం, పెన్సిలు తీసింది.

"నువ్వు ముందు చూడక్కా" అంది. "ఏం కనబడితే అది చెప్పు, నేను రాసుకుంటాను."

నేను ఒకటో నంబరు స్లైడు పెట్టి కన్ను ఆనించాను.